వెయ్యిన్ని తొమ్మిదో దీపం

“బొప్పనా! ఎక్కడున్నావయ్యా బొప్పనా?”

రాజుగారి కేక కోటంతా మోగింది. ఆస్థాన విదూషకుడు బొప్పన మాత్రం వినిపించుకోలేదు. గుడి మండపంలో చింతగింజలు కుప్పపోసుకుని వరుసలు పేరుస్తాడు, చెరుపుతాడు, లేచి అటూ ఇటూ తిరుగుతాడు, మళ్ళీ కూలబడతాడు.

ముత్తెపురి అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ ఏటా పట్టాభిషేకం నాడు ఈ మండపంలో అమ్మవారి వెయ్యిన్ని ఎనిమిది నామాలకూ వెయ్యిన్ని ఎనిమిది దీపాలు పెట్టడం ఆచారం. ఈ ఏడు గజసింగరాయలవారికి ఒక కోరిక పుట్టింది. “నా పేరన కూడా ఒకటి పెట్టండి” అన్నారు. అంతటితో ఊరుకున్నారా? “వరుసలన్నీ సమానంగా ఉండాలి. ఒక్కటి మిగిలినా సరే, దీపాలు పేర్చే సూరమ పొద్దుగుంకేలోగా రాజ్యం దాటాలి!”

సూరమ వెళ్ళిపోతే? ఆ తలపు రాగానే బొప్పన పేర్చిన వరుస చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాడు. సభలో ఎంతటివాణ్ణయినా మాటతో పడగొట్టేవాడు, ఆమె ముందు అసలు మాట మాత్రం ఏనాడూ పెగల్చలేదు.

“ఏడేసి పెడితే ఒకటి మిగిలింది. తొమ్మిదేసి పెట్టినా ఒకటే. పదకొండుకు ఎనిమిది, పదమూడుకూ ఎనిమిది,” అంది సూరమ నూనె చేతులు తుడుచుకుంటూ. “ముప్పై ఒకటి దాకా చూశాం. ఇంకా పైకి పోదామా?”

“దండగ. ముప్పై రెండేసి ముప్పై రెండు వరుసలకే మన దీపాలు చాలవు. వరుస పొడుగైతే వరుసలు తగ్గుతాయి, ఆ లెక్కలన్నీ చూసేశాం. ఇది ఎవరికీ లొంగని సంఖ్య సూరమా! అన్నీ ఒకే వరుసలో పెట్టాలి, కాదంటే వరుసకొకటి.”

“ఒకే వరుసైతే మండపం దాటి చాకిరేవు దాకా పోతుంది.” ఆమె నవ్వబోయి ఆగిపోయింది. “మూట కట్టుకోనా మరి?”

బొప్పన సభకు పరుగెత్తాడు.

“కుదిరిందా?” అన్నారు రాయలవారు మీసం దువ్వుతూ.

“ఒక్క సందేహం ప్రభూ. తమ దీపాన్ని వరుసలో పెడితే, అమ్మవారూ తమరూ సమానమన్నట్టే. దండోరా వేయించమంటారా?”

రాయలవారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. “అపచారం, అపచారం! నాది విడిగా పెట్టవయ్యా!”

“చిత్తం. అప్పుడు మిగతావి వరుసకు ముప్పై ఆరు చొప్పున ఇరవై ఎనిమిది వరుసలు, చక్కగా సరిపోతాయి. మిగిలేది ఏలినవారొక్కరే. ఇప్పుడు రాజ్యం దాటాల్సింది సూరమా, మిగిలినవారా?”

రాయలవారు ఎర్రగా చూశారు. అంతలోనే పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు.

“దొరికిపోయానురా! సూరమ ఎక్కడికీ పోనక్కర్లేదు.” మెడలోని ముత్యాలహారం తీసి బొప్పన మెడలో వేశారు. “అవునుగానీ, లెక్కల మీద నీకింత ప్రేమ ఎప్పటినుంచయ్యా?”

గుమ్మం దగ్గర సూరమ ఆయాసంతో వచ్చి నిలబడింది. బొప్పన హారాన్ని వేళ్ళతో మెలిపెట్టాడు, వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు.

“లెక్కల మీద కాదు ప్రభూ,” అన్నాడు చివరికి, అందరికీ వినబడేలా. “సూరమ మీద.”