చొక్కా జేబులో మూడు వేలు

"మాస్టారూ, పేకాటలో కోపం రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగాడు గంగరాజు. ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో దిట్టే గానీ, రెండాటలు పోతే చాలు, మొహం కందగడ్డ చేసుకుని ఎడాపెడా ఆడేసేవాడు. కిందటి వారం రొయ్యల మేతకని ఉంచుకున్న డబ్బులో సగం అలాగే ఊడ్చేశాడు. మిగతా సగమూ పోతే ఈ పంటా పోతుంది, దాంతోపాటు కౌలు చెరువూ పోతుంది.

సోమయాజులు మాస్టారు వాడికి చిన్నప్పుడు లెక్కలు చెప్పారు, ఇప్పుడు మా క్లబ్బులో రమ్మీ చెబుతున్నారు. ఉపన్యాసాలంటే ఆయనకి పడదు. "ఆదివారం మధ్యాహ్నం వచ్చి నా వెనకాల కూర్చో" అన్నారంతే.

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. మాస్టారు ఎప్పటిలాగే చొక్కా జేబులో మూడు వేలు పెట్టుకొచ్చారు. ముక్కలా, దిక్కుమాలినవి! చూడ్డం, డ్రాప్ చెప్పి ఆట వదులుకోవడం, ఇరవై పాయింట్ల డబ్బు ఇచ్చుకోవడం. వరసగా తొమ్మిదాటలు ఇదే తంతు. ఎదురుగా రైసుమిల్లు పాండురంగం ఊరుకుంటాడా? "ఆడ్డానికొచ్చారా, చందాలివ్వడానికొచ్చారా?" అని ఒకటే ఎగతాళి. పదో ఆటలో మాస్టారికి మంచి ముక్కలే పడ్డాయి. ఇంకొక్క ముక్క వస్తే అయిపోతుందనగా పాండురంగం షో చేసి గెలిచేశాడు. "పంతుళ్లకి లెక్కలొస్తాయి గానీ ఆటెక్కడొస్తుందండీ!" అని టేబులంతా నవ్వించాడు. నాకే ఒళ్లు మండిపోయింది.

మా క్లబ్బులో ఒక కట్టుబాటుంది. పూర్తిగా ఓడినా ఇవ్వగలిగేంత డబ్బు ముందుంటేనే ముక్కలు పంచుతారు. మాస్టారి దగ్గర అంత మిగల్లేదు. ఆయన లేవబోతుంటే వెనకాల కూర్చున్న గంగరాజు మిగిలిన మేత డబ్బు తీసి టేబుల్ మీద కొట్టాడు.

"కూర్చోండి మాస్టారూ! వీడి పొగరు అణచాల్సిందే!"

మాస్టారు ఆ నోట్లు తీసి వాడి చేతిలో కుక్కి, రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. వెనక నుంచి పాండురంగం ఈల వేశాడు. ఆయన తిరిగి చూడలేదు.

నేనూ వాళ్ల వెంటే వెళ్లాను. మెట్ల మీద గంగరాజు చెయ్యి విదిలించుకున్నాడు. "అన్నేసి మాటలన్నాడు. మీకసలు కోపం రాలేదా?"

మాస్టారు ఆగి వాడి వైపు తిరిగారు.

"రాకేం? వాడి చెంప పగలగొట్టాలన్నంత వచ్చింది. నేను ఆడుకోవడానికి మూడు వేలు తెచ్చుకుంటాను. నా కోపం ఆడుకోవడానికి మాత్రం డబ్బు తెచ్చుకోను. నువ్వెందుకు తెచ్చావురా?"