మేకల ఓబక్క తడక

అనగా అనగా, వినగా వినగా, ఎంత చెప్పినా అరగని కథ ఇది. రాజుల కాలమా అంటే కాదు, మన కాలమా అంటే అసలే కాదు. ఎర్రగుట్టకు ఇవతల, ఇసుకవంకకు అవతల ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఇళ్ళకంటే మేకలెక్కువ, మేకలకంటే మాటలెక్కువ. ఆ మేకలన్నిటినీ కాసేది మాత్రం ఒక్క మనిషి. పేరు ఓబక్క.

ఓబక్కకు మొగుడు లేడు, బిడ్డలు లేరు. తనదని చెప్పుకోవడానికి ఒక్క మేక కూడా లేదు. అన్నీ ఊరివాళ్ళవే. పొద్దున్నే వీధిలో నిలబడి "హుర్ర్ర్... రండమ్మా రండి" అనేది. మేకలు బిలబిలా వచ్చేసేవి. పగలంతా గుట్టమీద మేపి, పొద్దు వాలగానే ఊరిబయట దొడ్డికి తోలుకొచ్చేది.

దొడ్డికి కంపతో అల్లిన తడక ఒకటి ఉండేది. ఓబక్క ఆ తడకను ఒక్క మేక పట్టేంత సందుగా తీసి పక్కన నిలబడేది. వచ్చిన ప్రతి మేకనీ తాకేది. పేరు పెట్టి పిలిచేది. అప్పుడు లోపలికి తోలేది. తాకడం, పిలవడం, తోలడం. వానొచ్చినా అంతే, గాలొచ్చినా అంతే. తాకడం, పిలవడం, తోలడం.

"ఏందక్కా ఈ నిదానం, తెల్లారిపోతాది!" అని దారినపోయేవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

"తెల్లారితే తెల్లారనీ. మళ్ళా మేపుకొస్తా" అనేది ఓబక్క.

ఆమెను తడక దగ్గరే ఉండనిచ్చి, మనం కాసేపు ఊళ్ళోకి పోదాం. ఊళ్ళో పుల్లన్న అని ఒక రైతు. ఆయన కూతురు సుంకులు. ఏడేళ్ళది. నోరు తెరిస్తే గలగలా వాగేది, పాటందుకుంటే వీధంతా వినేది. రాయమంటే మాత్రం ఆ పిల్ల చేతికి ఏమయ్యేదో ఏమో! 'అక్క' అని రాయమంటే 'అక' అని రాసేది. 'గుమ్మడి' అంటే 'గమడి' అయ్యేది. కొమ్ములు ఊడిపోయేవి, వత్తులు రాలిపోయేవి, ఒక్కోసారి నడిమి అక్షరం నడిమిలోనే మాయమైపోయేది. రాసింది చూసుకోవే అంటే పాపం చూసుకునేది. బద్ధకం కాదు, మొండితనం కాదు. నిజంగానే ఆ పిల్ల కళ్ళకు అన్నీ ఉన్నట్టే కనబడేవి.

బడిలో చదువు చెప్పే ఆయన్ని ఆ ఊరివాళ్ళు అయివారు అనేవాళ్ళు. పేరు తిప్పయ్య. మంచివాడే గానీ కోపం ముక్కుమీద, నశ్యం ముక్కులోపల. పలక చూసేవాడు, నశ్యం పీల్చేవాడు, హాచ్ అని తుమ్మేవాడు. తుమ్మి, "పో, పోయి మేకలు కాసుకో!" అనేవాడు. ఆ మాట పడని పిల్ల ఆ బడిలో లేదు. విని ఏడ్చినవాళ్ళున్నారు, చాటున నవ్వినవాళ్ళున్నారు. లేచి నిజంగా పోయినవాళ్ళు మాత్రం లేరు.

ఇక సుంకులు ఇంట్లో ఉన్నది ఒక్కటే పలక. తమ్ముడికి బడికి పోయే ఈడొచ్చింది. ఒకరోజు పుల్లన్న కూతుర్ని కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"అమ్మా సుంకులూ, ఉగాదినాడు చావడి గోడమీద అయివారు పిల్లలందరితో రాయిస్తాడు గదా. నువ్వు తప్పులేకుండా రాసినావా, పలక నీది. రాయలేదా, తమ్మునిది. నువ్వు ఇంటిపట్టునే ఉండి మీ అమ్మకు చేయాసరా అవుదువు."

"నాయనా, నాకు బడే బాగుంటాది" అంది సుంకులు.

"బాగుంటే సరిపోతాదా తల్లీ? రావాల గదా" అన్నాడు పుల్లన్న. ఆయనేం రాక్షసుడు కాదు. చెప్పేటప్పుడు కూతురి వైపు కాక పలక వైపే చూశాడు.

మర్నాడు బడిలో 'అక్క' రాయమన్నారు. సుంకులు 'అక' రాసింది. తిప్పయ్య చూశాడు, పీల్చాడు, తుమ్మాడు. "పో, పోయి మేకలు కాసుకో!" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు మాత్రం సుంకులుకు అది నిజంగా తనకు పడిన తీర్పులా వినబడింది. లేచింది. పలకను నెత్తిన పెట్టుకుంది. వీధి దాటింది, చేలు దాటింది, వంక దాటింది. నేరుగా పోయి గుట్టమీద ఓబక్క ముందర నిలబడింది.

"అవ్వా, మేకలు కాసేకి వచ్చినా."

"ఎవరే నిన్ను పంపింది?"

"అయివారు. నాకు రాత రాదని."

ఓబక్కకు మండింది. "ఏందీ? రాత రానోళ్ళంతా వచ్చి కాసేకి, మేకలంటే అంత అగ్గువైపోయినాయా ఆ నశ్యం సామికి?" అంది. తర్వాత పిల్ల మొహం చూసింది. కళ్ళనిండా నీళ్ళు, నెత్తిన పలక. కొంచెం మెత్తబడింది. "సరేలే. పొద్దు వాలినాక మందను నువ్వే దొడ్డికి తోలు. చేతనైతే పెట్టుకుంటా. చేతగాకపోతే నేను గూడా తరుముతా."

అటు బడి తరిమింది. ఇటు గుట్ట కూడా తరిమితే ఎక్కడికి పోవాలి? సుంకులు నెత్తిన పలక దించి పక్కన పెట్టింది.

మొదటిరోజు తడక బార్లా తీసి, హోయ్ హోయ్ అని ఒక్క అరుపుతో మందనంతా లోపలికి తోసేసింది.

"అన్నీ వచ్చినాయా?" అంది ఓబక్క.

"వచ్చినాయవ్వా."

"తాకినావా?"

"లేదు. చూసినా."

పోయి చూస్తే నల్లచెవుల మేక లేదు. గుట్టమీద బండల సందులో ఇరుక్కుని మే మే అంటోంది.

రెండోరోజు తడకను సందుగా తీసింది. ప్రతి వీపునీ తాకింది, పిలిచింది, తోలింది.

"అన్నీ వచ్చినాయా?"

"వచ్చినాయవ్వా. తాకినా!"

"వీపులు తాకినావు సరే, పొట్టల కింద చూసినావా? తల్లి వచ్చింది. దాని పిల్లేదీ?"

వెతికితే, నిన్నగాక మొన్న పుట్టిన బుజ్జిపిల్ల తంగేడు పొద చాటున ఒళ్ళు మరిచి నిద్రపోతోంది.

సుంకులు ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా కళ్ళు మంచివి కావవ్వా. అన్నీ ఉన్నట్టే చూపిస్తాయి."

ఓబక్క పక్కన కూర్చుంది. "నా కళ్ళు మాత్రం మంచివనుకున్నావా? పడుచుతనంలో నేనూ చూసి తోలేసేదాన్నే. ఒకనాడు ఎనకబడిన పిల్లను తోడేలు ఎత్తుకుపాయ. ఆ పొద్దునుంచి నా కళ్ళ మాట నేను నమ్మను. కళ్ళకు తొందరెక్కువే పిల్లా. చెయ్యి నిదానంగా ఉంటాది. దాన్ని అడుగు."

మూడోరోజు సుంకులు ప్రతి మేకనీ తాకింది, పొట్ట కింద చూసింది, పిలిచింది, తోలింది. తడక మూసింది.

"అన్నీ వచ్చినాయా?"

"వచ్చినాయవ్వా" అంది. ఈసారి ఓబక్క వెతకడానికి లేవలేదు. సద్దిమూటలోంచి సజ్జరొట్టె తీసి సగం విరిచి ఇచ్చింది. "ఇప్పుడు చెప్పు. ఆ బడిలో నీకు రానిదేంది?"

సుంకులు పుల్లతో దుమ్ములో అక్షరాలు రాసి చూపించింది. ఓబక్కకు ఒక్క ముక్క చదవడం రాదు. వంగి చూసింది. ఇటునుంచి చూసింది, అటునుంచి చూసింది.

"ఒకదానెనక ఒకటి వస్తాండాయే! ఇదేం మందే?"

"మంద కాదవ్వా, అక్షరాలు. ఇదిగో, ఇది కొమ్ము..."

"కొమ్ములుంటే మేకలే గదే! మరి ఈ కింద వేలాడేదేంది?"

"వత్తు. నేను మరిచిపోయేది దాన్నే."

"తల్లి పొట్ట కింద పిల్ల! దాన్నే మరిచిపోతాండావా?" అంటూ ఓబక్క తొడమీద చరుచుకుంది. "మరి వీటిని తాకినావా? పిలిచినావా? ఊరికే చూసి తడక మూసేస్తాండావా?"

సుంకులు రొట్టె నమలడం ఆపేసింది. దుమ్ములో రాసిన మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. పైకి పలికింది. రెండోదాని మీద పెట్టింది. కింద తడిమింది. పలికింది. అలా ఆ సాయంత్రమంతా దుమ్ములో మందలు మందలుగా తోలింది.

లేచే ముందు ఓబక్క అడిగింది. "నా పేరు రాయి చూద్దాం."

సుంకులు 'ఓబక్క' అని రాసింది. తాకి చూసుకుంది.

"ఇందులో ఏమన్నా పిల్ల ఉందా?"

"ఉందవ్వా. ఇదిగో, చివర్న తల్లి కింద."

ఓబక్క ఆ వత్తుమీద వేలు ఉంచింది. "పోనీలే, నా పేరుకైనా ఒకటి దొరికింది" అంది. తర్వాత కొంగు దులుపుకుని లేచింది. "ఇంక బడికి పో. నా మేకలు నేను కాసుకుంటా."

నాలుగోనాడు సుంకులు బడికి పోయింది.

"ఏమే, మూడు దినాలుగా ఎక్కడికి పోయినావు?" అని గద్దించాడు తిప్పయ్య.

"మీరే పొమ్మంటిరి గదా సామీ, మేకలు కాసేకి!"

బడి బడంతా గొల్లున నవ్వింది. తిప్పయ్య నశ్యం పీల్చకుండానే తుమ్మాడు.

ఒక్కరోజులో అంతా వచ్చేసిందనుకునేరు! అలా ఏం రాలేదు. తాకి, పిలిచి, తోలడానికి సమయం పట్టేది. అందరూ రాసి పలకలు బోర్లించాక కూడా సుంకులు వేలు ఇంకా నడిమిలోనే ఉండేది. పిల్లలు మే మే అని అరిచి ఏడిపించేవాళ్ళు. "మేకల సుంకులూ, మంద యాడిదాకా వచ్చింది?" అనేవాళ్ళు. సుంకులు తలెత్తేది కాదు. తాకేది, పిలిచేది, తోలేది.

ఉగాది వచ్చింది. చావడి గోడకు సున్నం కొట్టారు. మామిడి తోరణాలు కట్టారు. ఊరంతా కూడింది. పుల్లన్న పలకను చంకన పెట్టుకుని ఒక పక్క నిలబడ్డాడు. ఇంకో పక్క ఓబక్క, ఆమె వెనక మేకలు.

ఒక్కో పిల్లకీ మూడు మాటలు. సుంకులు వంతొచ్చింది. తిప్పయ్య "పలక" అన్నాడు. బొగ్గుముక్కతో రాసింది. తాకింది, పిలిచింది, తోలింది. సరిగ్గా ఉంది. "గుమ్మడి" అన్నాడు. రాసింది. తాకింది, పిలిచింది, తోలింది. సరిగ్గా ఉంది.

"ఏందయివారూ, పిల్ల అక్షరాలకు పాలు పిండుతాంది!" అని ఎవరో అరిచారు. జనం పకపకా నవ్వారు.

మూడో మాట. తిప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "అన్నపూర్ణమ్మ."

సుంకులు రాసింది. రాసి వెనక్కి జరిగి చూసింది. అన్నీ ఉన్నట్టే కనబడ్డాయి. కళ్ళు "మూసెయ్ తడక" అంటున్నాయి. జనం నవ్వుతూనే ఉన్నారు. పుల్లన్న చంకలో పలకను గట్టిగా అదుముకున్నాడు.

సుంకులు మళ్ళీ గోడ దగ్గరికి పోయింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి గట్టిగా పిలిచింది.

"అ... రామ్మా. న్న... తల్లీ పిల్లా ఇద్దరూ రండి. పూ... కొమ్ముల మేకా, రా. ర..."

వేలు ఆగింది. ర కింద తడిమింది. ఖాళీ.

నవ్వులు ఆగిపోయాయి. సుంకులు గిరుక్కున తిరిగి అరిచింది.

"సామీ, తడక మూయొద్దండి! ఒక పిల్ల ఎనకబడింది!"

అరిచి, బొగ్గుముక్క పట్టుకుని ర కింద ణ వత్తు రాసింది. దాన్ని తాకింది, పిలిచింది, తోలింది. చివర్న మ్మ, తల్లీ పిల్లా ఇద్దరినీ తాకింది. నల్లబడ్డ చెయ్యి దులుపుకుంది.

"ఇప్పుడు మూయండి" అంది.

తిప్పయ్య నశ్యం చిటికె ముక్కుదాకా తెచ్చి అక్కడే మరిచిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నశ్యం ఘాటుగా ఉంది" అన్నాడు. పీల్చలేదని అందరూ చూశారు. ఓబక్కకు సంతోషం పట్టక "హుర్ర్ర్... రండమ్మా రండి!" అని ఒక్క కేక పెట్టింది. జనం ఈలలు, చప్పట్లు. కేక విన్న మేకలన్నీ చావడిలోకి దూకి ఉగాది తోరణాలన్నీ తినేశాయి. ఆ పొద్దు ఎవరూ వాటిని అదిలించలేదు.

పుల్లన్న పలక తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. "నీదేనమ్మా."

"తమ్మునికి గూడా నేను నేర్పిస్తా నాయనా. పలకకు రెండు పక్కలుండాయి గదా!"

జనం పలచబడ్డాక తిప్పయ్య ఓబక్క దగ్గరికి వచ్చాడు. "ఓబక్కా, నీ మేకల్ని తక్కువచేసి మాట్లాడినా."

"అవేమీ అనుకోలేదులే సామీ. వాటికి తెలుగు రాదు" అంది ఓబక్క.

మర్నాటినుంచి తిప్పయ్య బడి వాకిట్లో నిలబడ్డాడు. వచ్చిన ప్రతి పిల్ల తలమీదా చెయ్యి వేశాడు, పేరు పెట్టి పిలిచాడు, లోపలికి పంపాడు. మొదటిరోజే తెలిసింది, వెనక వరసలో కూర్చునే ఒక పిల్లాడు చాన్నాళ్ళుగా రావడం లేదని. అయివారే స్వయంగా పోయి వాణ్ణి తోలుకొచ్చాడు.

ఏళ్ళు గడిచాయి. సుంకులు పెద్దదై ఆ బడికే అయివారమ్మ అయింది. ఓబక్క ముసలిదైంది. ఒక వానాకాలం సాయంత్రం మేకలన్నిటినీ తాకి, పిలిచి, తోలి, తడక మూసి, తడకకు ఆనుకుని కూర్చుంది. అంతే. మరి లేవలేదు. లోపల ఒక్క మేకా తగ్గలేదు, ఒక్క పిల్లా తగ్గలేదు.

ఊరివాళ్ళు ఆమె గుర్తుగా రాయి నాటారు. సుంకులు సుద్దతో పేరు రాస్తే శిల్పి చెక్కాడు. పక్కూరినుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, "పాపం, ఈమెకు పిల్లలెవరూ లేరా?" అని అడిగాడు. సుంకులు రాయిమీద ఓబక్క పేరు చివర, తల్లి కింద వేలు పెట్టి చూపించింది. ఆ పెద్దాయన వెనక్కి తిరిగి చూస్తే, బడిపిల్లలందరూ వరసగా నిలబడి ఉన్నారు.

ఇప్పటికీ ఆ ఊరి బడి వాకిట్లో కంప తడక ఉంటుంది. ఒక్క పిల్ల పట్టేంత సందే తీస్తారు. పెళ్ళి శుభలేఖైనా, అంగడి బోర్డైనా రాసినవాళ్ళు వేలితో ఒకసారి తడిమి, "పిల్లలన్నీ వచ్చినాయా?" అని అడుగుతారు. పరీక్షకు పోయే పిల్లలు రాయిమీది ఆ వత్తును తాకి పోతారు. తాకి తాకి అది నున్నగా మెరుస్తోంది.

ఇంకొక సంగతి. ఆ ఊళ్ళో "పోయి మేకలు కాసుకో" అంటే తిట్టు కాదు. ఏ పిల్లైనా రాత రాక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పెద్దవాళ్ళు తల నిమిరి, "పో తల్లీ, మేకలు కాసుకుని రా" అంటారు. తొందరేం లేదు, నీ కోసం తడక తీసే ఉంటుంది అని.

మేకలు దొడ్డికి, పిల్లలు బడికి, కథ మీ చెవికి. ఎవరూ వెనకబడలేదు గదా? అయితే తడక మూశా. లేవండి బువ్వలకు.