పరస్థానం మూట

అనగనగా కుంకుమగిరి రాజ్యంలో ఒక రాజుగారు. ఆయనకు లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు జయంతకుడు. అందగాడు, కత్తి పడితే ఎదురులేనివాడు, మనసు వెన్న. కానీ పిల్లలూ, ఏ పని చెప్పినా "రేపు" అనేవాడు. గుర్రానికి నాడా ఊడింది, వేయించు నాయనా అంటే రేపు. గురువుగారు మంచాన పడ్డారు, చూసి రా నాయనా అంటే రేపు. శిష్యుణ్ణి చూడకుండానే ఆ గురువుగారు పోయారు. జయంతకుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. కన్నీళ్లు ఆరాక మళ్లీ రేపనడం మొదలుపెట్టాడు.

అతనికి వకుళావతి అనే రాకుమారితో పెళ్లి కుదిరింది. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఇంకా లగ్నమైనా పెట్టుకోలేదు, ధూమకేశుడనే మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల తన కోటలో బంధించాడు. "నీవాడు రేపు వస్తానన్నప్పుడల్లా నువ్వు కొంచెం కొంచెం రాయివైపోతావు" అని శపించాడు.

అదంతా చూసిన గండభేరుండ పక్షి ఒకటి జయంతకుడి దగ్గరికి ఎగిరొచ్చింది.

"రాకుమారా, వకుళావతిని ఎత్తుకుపోయిన మాంత్రికుడి ప్రాణం వాడి చిలకలో ఉంది. నా వీపెక్కు, ఇప్పుడే పోదాం."

"ఇవాళ మంగళవారం కదా! రేపు తెల్లవారుజామున మంచి ముహూర్తం ఉందట. రేపు పోదాం" అన్నాడు జయంతకుడు.

తెల్లవారుజాము వచ్చింది. దుప్పటి వెచ్చగా ఉంది. ముహూర్తానికి మనిషి కదలలేకపోతే, అతని సామానునైనా గడప దాటించి వేరే ఇంట్లో పెట్టడం ఆ రాజ్యంలో ఆచారం. దాన్ని పరస్థానం అంటారు. ఆ తర్వాత ఎప్పుడు కదిలినా మంచి ముహూర్తానికి బయల్దేరినట్టే లెక్క. జయంతకుడు పంచెలు, అటుకులు మూటగట్టించి, వీధి చివర పూలమ్మే అవ్వ ఇంటికి పంపించాడు. మూట బయల్దేరిందిగా, ఇంక నేను బయల్దేరినట్టే అనుకున్నాడు. ఆ పూట అన్నం కూడా హాయిగా తిన్నాడు.

పక్షి రెండోసారి వచ్చింది. "రాకుమారా, వకుళావతి కాలి వేలొకటి రాయైపోయింది. పద."

జయంతకుడు మంచం మీంచి లేచి కూర్చున్నాడు. కానీ ఒక్క వేలేగా అనుకున్నాడు. "మూట ఎప్పుడో పంపించాను. అమావాస్య దాటనీ, రేపో ఎల్లుండో తప్పకుండా వస్తాను" అన్నాడు. అమావాస్య దాటింది. ఎండలు తగ్గనీ అన్నాడు, ఎండలు తగ్గాయి. వానలు వెలియనీ అన్నాడు, వానలూ వెలిశాయి.

పక్షి మూడోసారి వచ్చింది. ఈసారి వీపెక్కమనలేదు.

"ఆమె గొంతు దాకా రాయైపోయింది. నువ్వు రేపు అన్నప్పుడల్లా అలా పాకుతూ వచ్చింది. ఇంకొక్కసారి ఆ మాట అన్నావంటే ఊపిరి ఆగిపోతుంది. చెప్పి పోదామని వచ్చాను."

జయంతకుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చెప్పులైనా లేకుండా అవ్వ ఇంటికి పరుగెత్తాడు. మూట విప్పబోతే లోపలినుంచి ఒక ఎలుక తల బయటపెట్టింది.

"దొరా, మా అమ్మమ్మ ఈ మూటలోనే పుట్టింది. ఇప్పుడు నా పిల్లలూ ఇక్కడే పుట్టారు. మీరు వస్తారని మేమెవరమూ అనుకోలేదు" అంది.

జయంతకుడు సిగ్గుపడుతూ ఎలుకపిల్లల్ని అవ్వ చేతిలో పెట్టి, "అవ్వా, వీటిని చూస్తూ ఉండు" అన్నాడు. "నీ పళ్లతో పనుంది" అని తల్లి ఎలుకను మూటతో సహా చంకన పెట్టుకుని, వెనకే ఎగిరొచ్చిన పక్షి వీపెక్కాడు.

"ఇప్పుడు రాహుకాలం నాయనా" అంది అవ్వ.

"ఉండనీ అవ్వా" అన్నాడు.

ఏడు సముద్రాలు దాటి కోటలో దిగేసరికి ధూమకేశుడు నవ్వుతూ ఎదురొచ్చాడు. పక్కనే పంజరంలో గుమ్మడికాయంత చిలక. లోకంలో ఎవరు రేపన్నా అది లావెక్కుతుందట.

"అలిసిపోయావు. భోంచెయ్యి, రేపు పోరాడదాం" అన్నాడు మాంత్రికుడు.

"ఆకలి లేదు" అన్నాడు జయంతకుడు.

"పోనీ, కాసేపు నడుం వాల్చు. రేపు పోరాడదాం."

"నిద్ర రావడం లేదు."

మాంత్రికుడు గొంతు తగ్గించి, "నీ మంచికే చెబుతున్నాను నాయనా. ఇవాళ నీ నక్షత్రానికి చావు, రేపు గెలుపు. ఒక్క రోజు ఆగితే ఏం పోతుంది?" అన్నాడు.

ఆ గొంతు జయంతకుడికి కొత్త కాదు. తెల్లవారుజామున దుప్పట్లో రోజూ వింటున్న గొంతే. అది ఎంత తియ్యగా ఉంటుందో, దాన్ని ఎలా నమ్మాలనిపిస్తుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఎదురు చెప్పలేదు.

"అయితే మా ఆచారం ప్రకారం ఈ మూట ఇక్కడ పరస్థానం పెడతాను" అని దాన్ని పంజరం పక్కన పెట్టాడు.

మూట పెట్టినవాడు ఇప్పట్లో కదలడని మాంత్రికుడికి బాగా తెలుసు. మురిసిపోతూ కళ్లు మూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఎలుక బయటికొచ్చి పంజరం తలుపు తాడు పుటుక్కున కొరికింది. కొవ్వెక్కిన చిలక ఎగరలేకపోయింది, జయంతకుడి చేతుల్లో పడింది.

"ఆగు! ఆమెను విడిపిస్తాను. రేపు పొద్దున్నే..." అన్నాడు మాంత్రికుడు.

ఆ మాట పూర్తి కాకముందే జయంతకుడు చిలక మెడ విరిచేశాడు. మాంత్రికుడు కుప్పకూలాడు.

కోటలో ఓ మూల రాయై నిలబడి ఉన్న వకుళావతి గొంతు కదిలింది. చేతులు కదిలాయి, నడుము కదిలింది, మోకాళ్లు కదిలాయి. జయంతకుడు ఆమెను పక్షి వీపు మీద ఇంటికి తీసుకొచ్చాడు. ముహూర్తం చూడమంటారా అని పురోహితుడు అడగబోతే, "ఈ పూటే" అన్నాడు.

పెళ్లిపీటల మీద మట్టెలు తొడగడానికి ఆమె పాదం చేతిలోకి తీసుకున్నాడు. వెండి మట్టె వేలికి తగిలి టంగుమంది. మొదట రాయైన వేలు రాయిగానే ఉండిపోయింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"లేదు. అక్కడ మీరు పట్టుకున్నా తెలియడం లేదు" అంది ఆమె.

జయంతకుడు నిండు పందిట్లో ఏడ్చాడు. ఒక్క వేలేగా అని తాను అనుకున్న సంగతి ఆమెకు చెప్పి మరీ ఏడ్చాడు. ఆమె అతని తల నిమిరింది.

తర్వాత వాళ్లు జుట్టు నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు. సభలో ఎవరైనా మొర పెట్టుకున్నప్పుడు రాజుగారి నాలుక చివరికి ఆ పాత మాట వస్తే, రాణిగారు పాదం ఒక్కసారి నేలకు తట్టేవారు. టంగుమనేది. రాజుగారు వెంటనే లేచి నిలబడేవారు.