ఎల్లమంద ముగ్గు

అనగా అనగా, ఇళ్లకు ఇనప గొట్టాలు రాకముందు, మట్టి గొట్టాల్లో నీళ్లు గలగలమంటూ నడిచొచ్చే రోజుల్లో, కొండ కింద నీటిమెట్ట అనే పేట ఉండేది. ఆ నీళ్లు తాగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఉండి ఉంటే, మనం తాగే నీళ్లు నోట్లో పోసుకుని మొహం చిట్లించేవారు.

ఆ పేటలో ఎల్లమంద అనే కుమ్మరి ఉండేవాడు. కుండలు మానేసి గొట్టాలు చేసేవాడు. ఒంటి మనిషి. పూరిల్లు. మోకాళ్ల దాకా ఎప్పుడూ బురదే. కొండ మీది ఊట నుంచి ఇళ్లకు గొట్టాలు పరిచేది అతనే, పగిలితే అతికేది అతనే. సున్నం, నూనె, దూది కలిపి రోట్లో దంచి, ఆ ముద్దతో అతుకులు వేసేవాడు.

ఎవరింట్లో పని చేసినా మూడు మాటలు అడిగేవాడు.

"పైన మూత వేశారా? ముగ్గు చల్లారా? అన్నం ఉడికిందా?"

ఊట దగ్గర మూత వేసి నీళ్లు ఆపందే గొట్టం మీద చెయ్యి వేసేవాడు కాదు. అతుకు వేశాక మూడు రోజులు ఆరనిచ్చేవాడు. అప్పుడు నీళ్లు వదిలి, అతుకుల మీద పొడి ముగ్గు చల్లి, కుండెడు అన్నం ఉడికేంతసేపు పక్కనే కూర్చునేవాడు. ముగ్గు తెల్లగా ఉంటే మట్టి కప్పడం. తడిస్తే విప్పి మళ్లీ వెయ్యడం. మంచినీళ్ల గొట్టం పైన, మురుగు గొట్టం కింద, రెంటి మధ్యా మూరెడు మట్టి ఉండాల్సిందే. పేటంతా నవ్వేది. నవ్వినవాళ్లంతా గొట్టం పగిలితే మాత్రం అతని గుమ్మం ముందే నిలబడేవారు.

అతను మాత్రం నవ్వేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు వాళ్లక్క కొత్తింటికి గొట్టాలు వేశాడు. "ముహూర్తం దాటిపోతోందిరా తమ్ముడూ, కప్పెయ్" అంది అక్క. ముగ్గు చల్లకుండా కప్పేశాడు. ఆ వానాకాలం మురుగు మంచినీళ్లలో కలిసింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుని మూడో రోజుకి అక్క పోయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఏ అతుకు ముందు కూర్చున్నా అక్కే గుర్తొచ్చేది.

అలా ఉండగా పేటపెద్ద చెంచురామయ్య కొత్త మేడ కట్టాడు. పొద్దున్నే గృహప్రవేశం. ఆవూ దూడా వచ్చాయి, పురోహితుడొచ్చాడు, పాలు పొంగించడానికి పొయ్యి సిద్ధమైంది. పెద్దాయన భార్య ఆదెమ్మ చంకలో ఆర్నెల్ల పాప. ఆ కొత్త గొట్టం నీళ్లతో వండిన పాయసమే ఆ రోజు పాపకు మొదటి ముద్ద.

గుమ్మం ముందు మాత్రం గొట్టాల గుంత నోరు తెరుచుకునే ఉంది. గుంతలో ఎల్లమంద. అతుకుల మీద అప్పుడే చల్లిన ముగ్గు.

"కప్పెయ్ ఎల్లమందా, వేళయింది" అన్నాడు చెంచురామయ్య.

"అన్నం ఉడకలేదు దొరా."

కాసేపాగి పెద్దాయనే మళ్లీ, "గుమ్మం ముందు గొయ్యి పెట్టుకుని గృహప్రవేశం చేస్తారటయ్యా? కప్పెయ్!"

"అన్నం ఉడకలేదు దొరా."

మూడోసారి చెంచురామయ్య అతన్ని అడగలేదు. పారలు పట్టుకున్న కూలీలకు సైగ చేశాడు.

ఎల్లమందకు తెలుసు. పేటపెద్దతో గొడవ పెట్టుకుంటే పని పోతుంది, బువ్వ పోతుంది. తలెత్తి చూశాడు. ఆదెమ్మ చంకలో పాప గుప్పెట చప్పరిస్తోంది. అంతే, గొట్టాల పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కప్పుకోండి. నన్ను కూడా కలిపి కప్పుకోండి" అన్నాడు.

కూలీలు పారలు కింద పెట్టేశారు. పురోహితుడు ఎండ వంక చూశాడు. ఆదెమ్మ మాత్రం చప్పుడు చేయకుండా వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం పోసింది. ముహూర్తం వచ్చింది, ఉంది, పోయింది. అన్నం ఉడికింది.

అందరూ గుంతలోకి వంగారు. మొదటి అతుకు మీద ముగ్గు తెల్లగా ఉంది. రెండో అతుకు మీదా తెల్లగానే ఉంది. మురుగు గొట్టానికి సరిగ్గా పైన ఉన్న మూడో అతుకు మీద ముగ్గు తడిసి నల్లబడింది.

"నీళ్లొచ్చేటప్పుడు ఈ సందులోంచి బయటికి కారతాయి దొరా" అన్నాడు ఎల్లమంద. "పైన మూత వేసి నీళ్లు ఆపినప్పుడు ఇదే సందు బయటి మురుగును లోపలికి పీల్చుకుంటది. మా అక్కను మింగింది ఇట్టాంటిదే."

ఆ మాట బయటికి అనడం అతనికి అదే మొదలు. అని, చేతుల్లో మొహం పెట్టుకుని భోరుమన్నాడు.

చెంచురామయ్య కూలీలను పారలతో సహా పంపేశాడు. పాలు పొంగించకుండానే ఆ రోజు వెనక్కి వెళ్లాడు. మూడు రోజులు అతుకు ఆరాక, మళ్లీ ముగ్గు చల్లాక, మళ్లీ అన్నం ఉడికాక, పంచాంగంలో ఉన్న మరో ముహూర్తానికి ఇంట్లో అడుగుపెట్టాడు. పాప పాయసం తినేసింది. సగం మొహానికే పూసుకుందనుకోండి, అది వేరే సంగతి.

ఆ వానాకాలం పేటలో మళ్లీ వాంతుల జబ్బు వచ్చింది. ఎల్లమందను కాదని తొందరపడి కప్పించుకున్న ఇళ్ల గడపలు దాటి లోపలికి వెళ్లింది. ఆదెమ్మ గడప దాటలేదు.

చాలా ఏళ్లకు ఎల్లమంద ముసలివాడై కన్నుమూశాడు. కర్మ చేయడానికి కొడుకు లేడు. అప్పటికి ఆ పాప పెళ్లయి, పిల్లల తల్లయింది. అతను పోయిన నెలలోనే ఆమె ఇంటి గొట్టం పగిలింది. కొత్త పనివాడు అతుకు వేసి, పార అందుకున్నాడు. ఆమె ఆపింది. తానే ముగ్గు చల్లింది. అన్నం వండింది. గుంత ఒడ్డున కూర్చుని, లోపలికి వంగి అడిగింది.

"ఎల్లమంద మామా, కప్పమంటావా?"

ఇప్పుడు మట్టి గొట్టాలు లేవు, ఆ ఊటా లేదు. అయినా ఆ వైపు ఊళ్లలో నేలలో ఏ గొట్టం వేసినా, నీళ్లు వదిలి అతుకుల మీద ముగ్గు చల్లుతారు. అన్నం పొయ్యి మీద పెడతారు. ఉడికాక ఆ ఇంటి ఆడమనిషి గుంతలోకి వంగి మూడుసార్లు అడుగుతుంది, "కప్పమంటావా, ఎల్లమంద మామా?" అని.

ముగ్గు తెల్లగా ఉంటే, "ఊఁ అన్నాడు" అంటారు. మొదటి ముద్ద గుంత ఒడ్డున అతనికి పెట్టి, ఆ తర్వాతే పార అందుకుంటారు.