పాలు దిగని పూట

ఆ ఉదయం విరూపాక్షకు కాలు ఒకచోట నిలవలేదు. ఆవుల పాకలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. మోటారు ఆపాడు, మళ్లీ వేశాడు. గొట్టాలు విప్పి చూశాడు, బిగించి చూశాడు. మిషనులో వంక పెట్టడానికేమీ లేదు. ఆవుల పొదుగులు నిండి బిగుసుకుని ఉన్నాయి. పాలు మాత్రం దిగడం లేదు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠానికి ఆవులే ఆధారం. పాలు ఊళ్లోకి పోతే, ఆ వచ్చినదానితో మఠం బడి నడుస్తుంది. కానీ పాలు పిండేవాళ్లు ముసలివాళ్లయ్యారు. హనుమక్క వేళ్లు వాచిపోయి, పొద్దున లేచి చెంబు పట్టుకోవడమే కష్టంగా ఉంది. కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లు లేరు. ఇట్లాగే ఉంటే మందను ఎవరికైనా ఇచ్చేయక తప్పదని మఠాధిపతి సిద్ధలింగస్వామి ఒకనాడు అన్నారు.

ఆ మాట విరూపాక్షకు నిద్ర పట్టనివ్వలేదు. మఠంలో చేరకముందు మిల్లులో ఇంజనీరుగా పనిచేసినవాడు. నెల తిరక్కుండా పాలు పిండే మిషను తెప్పించాడు.

"అన్నిటికీ ఒకేసారా?" అని అడిగారు స్వామి.

"కొన్నిటికి చేత్తో, కొన్నిటికి మిషనుతో అంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు ఉంటుంది స్వామీ. మొదలుపెడితే అంతా ఒక్కసారే."

స్వామి ఇంకేమీ అనలేదు. ఆయన మౌనాన్ని శిష్యుడు మెప్పు కింద జమకట్టుకున్నాడు.

ఆ రోజు తెల్లవారగానే హనుమక్కనూ తక్కినవాళ్లనూ ఇక విశ్రాంతి తీసుకోమని ఇళ్లకు పంపేశాడు. మోటారు వేసి, వరసపెట్టి ఆవుల పొదుగులకు రబ్బరు కప్పులు తగిలించుకుంటూ పోయాడు. ఒక ఆవు తన్నింది. ఒకటి పలుపు తెంపుకుని దొడ్డంతా పరిగెత్తింది. మిగతావి అంత గొడవ చేయలేదు గానీ అంతకంటే పెద్ద పని చేశాయి. చుక్క విడవకుండా పాలు బిగబట్టుకుని నిలబడ్డాయి.

పొద్దెక్కింది. పాలకోసం వచ్చినవాళ్లు ఖాళీ క్యాన్లు పట్టుకుని గేటు దగ్గర గొణుగుతున్నారు. పాలు అట్లాగే పొదుగులో ఉండిపోతే వాపు రోగం వస్తుంది. వచ్చిందంటే ఆ ఆవు మీద ఆశ వదులుకోవాల్సిందే. విరూపాక్షకు నిజంగా భయం వేసింది. భయపడ్డానని ఒప్పుకోవడం చేతగాక కోపం తెచ్చుకున్నాడు.

సంగతి తెలిసి హనుమక్క తనంతట తనే వచ్చింది. మోటారు ఆపించి, గౌరి అనే ఆవు కింద గొంతుకూర్చుంది. పొదుగు నిమిరి పిండటం మొదలుపెట్టింది. ప్రతి ధారకూ నొప్పితో పళ్లు బిగిస్తోంది. ఆమె ముఖం చూడలేక విరూపాక్ష తల తిప్పుకున్నాడు.

అప్పుడే స్వామి పాకలోకి వచ్చారు.

"ఏమైందిరా విరూపా?"

"మిషను తప్పు ఇసుమంత కూడా లేదు స్వామీ. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఈ పశువులకే బుద్ధి లేదు. సాయంత్రం కాళ్లు కట్టేసి మరీ తగిలిస్తాను. అలవాటు కాక ఎక్కడికి పోతాయి?"

హనుమక్క తలెత్తింది. "సామీ, నా చేతులు ఇంకెన్నాళ్లు ఆడతాయి? మిషను మాత్రం వద్దనమాకండి."

"వద్దనను హనుమక్కా," అన్నారు స్వామి. పీట లాక్కుని మిషను పక్కన కూర్చున్నారు. ఒక రబ్బరు కప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో నీ బొటనవేలు పెట్టు."

విరూపాక్షకు నవ్వొచ్చింది. "ఇది ఎంత లాగుతుందో నాకు తెలుసు స్వామీ. నేనే సరిచూసి పెట్టాను."

"పెట్టు."

పెట్టాడు. విరూపాక్ష ఊరుకోలేక, కాళ్లు కట్టడానికి ఎలాంటి తాడు కావాలో చెప్పడం మొదలుపెట్టాడు. అతను ఆ మాటల్లో ఉండగానే స్వామి చెయ్యి చాచి స్విచ్చి వేశారు.

కప్పు వేలిని గుటుక్కున పట్టుకుంది. విరూపాక్ష "అమ్మా!" అని ఎగిరిపడి చెయ్యి లాక్కున్నాడు. ఆ ఊపుకు పక్కనున్న బకెట్టు దొర్లి గోడకు తగిలింది.

స్వామి మోటారు ఆపారు.

"నొప్పి పుట్టిందా?"

విరూపాక్ష వేలు చూసుకున్నాడు. ఎర్రబడను కూడా లేదు. సిగ్గేసింది.

"నొప్పేం లేదు స్వామీ. ఉన్నట్టుండి పట్టుకునేసరికి..."

స్వామి పీట మీది నుంచి లేచారు.

"దాన్ని తెచ్చినవాడివి నువ్వే కదరా," అన్నారు.

అంతే అని, గేటు దగ్గర ఉన్నవాళ్లతో మాట్లాడటానికి వెళ్లిపోయారు. విరూపాక్ష ఆవుల వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆ తరవాత ఒక్కొక్కరి ఇంటికే వెళ్లి, పొద్దున తాను పంపేసినవాళ్లందరినీ బతిమాలి తీసుకొచ్చి, చేత్తోనే పాలు పిండించాడు.

సాయంత్రం మోటారును పాక అవతలి గదికి మోయించి, అక్కడే తిరగనిచ్చాడు. కప్పులు గోడకు వేలాడుతున్నాయి. హనుమక్క గౌరి దగ్గర కూర్చుని విరూపాక్ష వంక అనుమానంగా చూసింది.

"తగిలించవా నాయనా?"

"ఈ పూటకు దాన్ని ఆ చప్పుడు విననీ హనుమక్కా."

గౌరి చెవులు రిక్కించి తల ఎత్తింది. విరూపాక్ష దాని గంగడోలు నిమురుతూ కదలకుండా నిలబడ్డాడు. చాలాసేపటికి అది మళ్లీ గడ్డి నమలడం మొదలుపెట్టింది.