చారు ఆపిన చెయ్యి

సందేహంతో వచ్చినవాళ్లకు ముందు విస్తరి వేయడం రుక్మాంగదరావు గారి అలవాటు. చిత్రకళా చరిత్ర బోధించి రిటైరయ్యారు గానీ, వంటలో ఆయనకు రిటైర్మెంట్ లేదు. హిందూపురంలో ఆయన ఇంటికి ప్రశ్నతో వెళ్లినవాళ్లు జవాబు దొరికినా దొరక్కపోయినా, ఆకలితో మాత్రం తిరిగి రారు.

ఆ మధ్యాహ్నం వచ్చిన శిష్యురాలు మందాకినికి అన్నం మీద ధ్యాస లేదు. మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది. చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పాలి. చేరితే, పాత గుడుల విందు బొమ్మలు చూసి ఆ వంటలు వండిపెట్టే భోజనశాల తెరవాలన్న కోరిక అటకెక్కినట్టే. తెరిస్తే, ఇంత చదువూ పొయ్యిలో పెట్టావని ఇంట్లోవాళ్లు దెప్పుతారు. రెంటిలో ఏది వదలమంటారని అడిగింది.

గురువు ఆ మాటే వినిపించుకోనట్టు ఆమె పరిశోధన వ్యాసం సంగతి ఎత్తారు. ఒక గుడి పైకప్పు బొమ్మలో, పంక్తిలో కూర్చున్న పెద్దమనిషి కుడిచేతి వేళ్లు ఒంచి విస్తరి మీద ఆనించి ఉంటాడు. శాస్త్రగ్రంథాలన్నీ తిరగేసి, అది భూమిని సాక్షిగా పిలిచే ముద్ర అని ఆమె తేల్చింది. అందరూ మెచ్చుకున్నారు.

“మీరూ ఒప్పుకున్నారు కదా సార్?”

“ఒప్పుకోలేదమ్మా, ఊరుకున్నాను,” అంటూ ఆయన ఆమె అన్నం మీద గరిటెడు చారు పోశారు.

దిగుల్లో ఆమె అన్నంలో గుంట చేసుకోవడం మరిచింది. అన్నం కుప్ప మీంచి చారు దిగి విస్తరి అంచుకు, అక్కణ్నుంచి చీర వైపు బయల్దేరింది. మందాకిని గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్లు వాటంతటవే ఒంగాయి, చిటికెనవేలు ఆకుకు ఆనుకుంది, చారు ఆగింది.

ఆమె తన చేతినే చూస్తూ ఉండిపోయింది. ఆ పెద్దమనిషి సాక్షిగా ఎవర్నీ పిలవలేదు. చారు ఆపుకుంటున్నాడు, అంతే. ముందు సిగ్గేసింది. ఆ బొమ్మ వేసినవాడూ ఎప్పుడో పంక్తిలో కూర్చుని ఇలాగే తడబడి ఉంటాడని తోచి, పట్టలేని సంతోషం వేసింది.

రెంటిలో ఏదీ వదలనని, మ్యూజియంలో ఒక పొయ్యి పెట్టుకోనిస్తేనే వస్తానని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తానంటూ ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేవబోయింది. గురువు గరిటె అడ్డం పెట్టారు.

“కూర్చో తల్లీ. ఆ బొమ్మలో పెద్దమనిషి పక్కనున్నాయన మజ్జిగ దాకా వచ్చినాడు, నువ్వింకా చారు దగ్గరే ఉన్నావు.”