బొరియలోంచి వచ్చిన జవాబు

ఆ అడవిలో కాపలా అంటే ఒకప్పుడు అందరూ ఒకే బండమీద కూర్చునేవాళ్లు. వానలకి బండ పాచిపట్టి జారుతుంటే, పెద్దరికం చేసే కొండముచ్చు మామ, "ఎవరి ఇంటి దగ్గర వాళ్లే దారిమీద కన్నేసి ఉండండి. నేను పిలిస్తే పలకండి, చాలు" అన్నాడు. "దారి ఖాళీ" అని కబురొస్తేనే తల్లులు పిల్లల్ని మేతకి వదిలేవాళ్లు. చెవులయ్య కుందేలు పిల్లలు ముగ్గురూ మామ చెట్టు కింద చేరే ఆ పిల్లల గుంపులోనే.

ఇంటిపట్టున ఉన్నా ముళ్లపందక్క తెల్లారేసరికి మొహం కడుక్కుని దారికెదురుగా కూర్చునేది. మన చెవులయ్యకి మాత్రం ఒళ్లు బరువెక్కింది.

"ఒసే గోరింకా, నా గొంతు అచ్చం దించేస్తావుగా! మామ పిలిస్తే 'ఉన్నా, దారి ఖాళీ' అనెయ్. నేనలా చిక్కుడుపాదు దాకా వెళ్లొస్తా."

"పట్టుబడితే?"

"పలికితే చాలన్నాడుగా! తొంగిచూసేదెవరే?"

వాడి తెలివి మండిపోనూ! పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో పొద్దున పొగమంచు కమ్మేసింది. చెవులయ్య ఆకులు నములుతూ తిరిగొచ్చేసరికి బొరియ ముందు గోరింక ఈకలు చెల్లాచెదురుగా పడున్నాయి.

"చెవులయ్యా!" చెట్టు పైనుంచి మామ పిలుపు.

"ఉన్నా మామా, దారి ఖాళీ."

బొరియలోంచి పలికింది తన గొంతే! చీకట్లో నక్క మూతి కనిపించింది. పది రోజులూ పొదచాటున గోరింక పలుకు విని ఆ గొంతు నేర్చేసింది కాబోలు.

"మామోయ్, అది నక్క! నేనిక్కడున్నా!"

"మామా," అంది లోపలి గొంతు నింపాదిగా, "మంచులో ఏదో నా గొంతుతో అరుస్తోంది. నమ్మకు."

మామకి మంచులో కిందేమీ కనబడదు. "అయితే ఇద్దరూ చెప్పండి. పొద్దున్నుంచి దారివెంట ఏవేం పోయాయి?"

చెవులయ్య పది రోజులుగా దారివంక చూస్తేగా!

"రెండు అడవిపందులు, ఒక కుంటి దుప్పి." నక్క నిజంగానే కాపలా కాసింది మరి.

"ముళ్లపందక్కా అదే చెప్పింది. నువ్వే మా చెవులయ్యవి" అని తేల్చేశాడు మామ.

"ఇక్కడ గడ్డి లేతగా ఉంది మామా. నా పిల్లల్ని ఇటు పంపు."

"వెళ్లండర్రా. మంచులో మీ నాన్న గొంతుతో ఏదో తిరుగుతోంది, జాగ్రత్త!"

చెవులయ్య పిచ్చెత్తినట్టు పిల్లలకి ఎదురు పరుగెత్తాడు. "రావద్దర్రా! నేనే మీ నాన్నని!"

ఆ గొంతు వినగానే పిల్లలు ముగ్గురూ హడలిపోయి, నాన్న దగ్గరికని బొరియలోకి దూరిపోయారు.

ఇంట్లోంచి చేసినా నీ పని నువ్వే చెయ్యి. నీ బదులు ఇంకొకరు చేస్తే, నువ్వు నువ్వేనని చెప్పుకోడానికి నీ దగ్గర ఏమీ మిగలదు.